నిద్రలేమికి స్మార్ట్ బ్యాండు: రెండేళ్లు వాడాక

బ్యాటరీ, తెర, అడుగుల లెక్క గురించి అందరూ రాసేశారు. నేను దీన్ని కట్టుకున్నది నిద్రలేమి కోసం. నా కోపమంతా దాని నిద్ర లెక్క మీదే.

కళ్లు మూసుకుని కదలకుండా మేలుకుని ఉన్న సమయాన్ని కూడా ఇది నిద్ర కింద జమ వేస్తుంది. మణికట్టు కదలికను, ఆకుపచ్చ లైటుతో గుండె వేగాన్ని చూసి అంచనా కట్టడమే తప్ప మెదడులో ఏం జరుగుతోందో దానికి తెలియదు. ఒళ్లెరగకుండా నిద్రపోయేవాళ్లకు ఈ తేడా పట్టదు. నిద్ర రానివాళ్లు గంటలకొద్దీ అలా పడుకునే ఉంటారు, లెక్క తప్పేది వాళ్ల దగ్గరే.

దీనివల్ల చికిత్సే తలకిందులైంది. దీర్ఘకాలపు నిద్రలేమికి మందులకంటే ముందు సీబీటీ-ఐ (నిద్ర అలవాట్లను, నిద్ర గురించిన ఆలోచనలను మార్చే, మందుల్లేని చికిత్స) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. అందులో ముఖ్యమైనది స్లీప్ రిస్ట్రిక్షన్, 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ బృందం ప్రచురించిన పద్ధతి. మంచం మీద గడిపే సమయాన్ని నిజంగా పట్టే నిద్రకు దగ్గరగా కుదిస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్కలో, వారం సగటున ఆ సమయంలో 85 శాతం నిద్రపోతే 15 నిమిషాలు పెంచుతారు, 80 లోపుంటే తగ్గిస్తారు.

ఒక వారం సగటు ఇదీ. రాత్రి 11 నుంచి 6:30 దాకా మంచం మీద, అంటే 450 నిమిషాలు. నేను రోజూ రాసుకునే నిద్ర డైరీ ప్రకారం నిద్ర పట్టడానికి 50, నడిరాత్రి మెలకువ 70, తెల్లవారుజామున 30. అవి పోగా మిగిలింది 300, అంటే 67 శాతం. బ్యాండు మాత్రం 395 చూపించింది, 88 శాతం! కుదించాల్సిన చోట పెంచమంది. మూడు వారాలు దాన్నే నమ్మితే మంచం మీద సమయం 8:15 గంటలకు చేరి నిద్ర మరింత ముక్కలైంది. డైరీని నమ్మి ఒంటిగంట నుంచి 6:30 దాకే పడుకున్నాక, ఇరవై నిమిషాల్లోపే నిద్ర పట్టడం మొదలైంది. మొదటి రోజుల్లో పగలు తూగు బాగా వస్తుంది, అప్పుడు బండి నడపకండి. మూర్ఛ, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇది మొదలుపెట్టవద్దు.

డైరీని పొద్దున లేచాక ఉజ్జాయింపుగా రాస్తే చాలు, రాత్రి గడియారం చూడకూడదు. చెయ్యి తిప్పితే తెర వెలిగే సెట్టింగ్ అందుకే ఆపేయాలి.

వైబ్రేషన్ అలారం బాగుంది. పక్కవాళ్లకు తెలియకుండా, ఆదివారమైనా అదే టైముకి లేపుతుంది. శరీర గడియారం కుదురుకోవడానికి రోజూ ఒకే లేచే వేళ, వెంటనే పొద్దుటి వెలుతురు చాలా అవసరం. కాకపోతే 'తేలిక నిద్ర' చూసి అరగంట ముందే లేపే స్మార్ట్ అలారం ఉంది చూడండి, దాన్ని ఆపితేనే ఈ మేలు. ఆ తేలిక నిద్ర కూడా అంచనానే కదా.

నాది పగటి ఉద్యోగం, గురక లేదు. నా వరకు ఇది మణికట్టు మీది అలారం. షిఫ్టులు మారేవాళ్లకు ఏ రోజు ఎప్పుడు పడుకున్నారో చూసుకోవడానికి నాకంటే ఎక్కువే పనికిరావచ్చు.