క్యాబినెట్ తలుపు అద్దానికి కొలత: టేపా, అట్ట నమూనానా?

తలుపు మూలలు మట్టంగా, అంటే సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంటే టేపు చాలు. తలుపు విప్పి బోర్లా పెట్టి, వెనకవైపు అద్దం కూర్చునే గాడిని అంచు నుంచి అంచుకు కొలవాలి. ముందు నుంచి కనిపించే ఖాళీని కొలిస్తే అద్దం నిలవదు, జారిపోతుంది. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల చూసి, ఒక్కోదాంట్లో తక్కువ వచ్చిన అంకెలోంచి 3 మి.మీ. తీసేయండి. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఆ సందు అందుకే. టేపును మూలలో వంచి అంకె చదవడం దగ్గరే చాలామంది తప్పుతారు; స్టీల్ స్కేలు నయం.

తర్వాత మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే తలుపు మూలలు మట్టంగా లేనట్టే. ఇక టేపు అంకెలు ఎంత కచ్చితమైనా అద్దం ఏదో మూలన పట్టేస్తుంది.

అక్కడ నమూనాయే గతి. ఆర్చి తలుపులకైతే మరీనూ. పల్చటి అట్ట వంగి మోసం చేస్తుంది, 3 మి.మీ. హార్డ్‌బోర్డు వాడండి. గాడిలో పెడితే చుట్టూ 1.5 మి.మీ. వదులుండేలా అంచు అరగదీసి, మీద ‘పైన’, ‘ముందు’ అని రాయండి. ‘ఇదే అసలు సైజు’ అని కూడా రాయకపోతే కోసేవాళ్లు మళ్లీ 3 మి.మీ. తగ్గించేస్తారు!

టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దమైతే మట్టంగా ఉన్న తలుపుకైనా నమూనా వేసి చూడటమే మంచిది. టఫెన్ చేశాక దాన్ని కోయడం కుదరదు, ముక్కలైపోతుంది.