సింగపూర్ నుంచి తెనాలికి డబ్బు: పేనౌ-యూపీఐ ఎలా ఉందంటే

సింగపూర్‌లో ఫోన్ నంబరుతో అప్పటికప్పుడు డబ్బు పంపే పద్ధతి పేనౌ. దాన్ని మన యూపీఐతో కలిపింది 2023 ఫిబ్రవరి 21న. అప్పటి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ శక్తికాంత దాస్, సింగపూర్ కేంద్ర బ్యాంకు అప్పటి అధిపతి రవి మేనన్ మొదటి చెల్లింపులు చేసి చూపించారు. ఆ ఏడాది నుంచే తెనాలిలో అమ్మకు నెల ఖర్చులు దీంట్లో పంపుతున్నాను.

బ్యాంకు యాప్‌లో అమ్మ యూపీఐ ఐడీ కొడితే పేరు వస్తుంది. ఎన్ని రూపాయలు చేరతాయో చూసుకుని ఓకే అంటే చాలు, కాసేపట్లో ఆమె ఫోన్ మోగుతుంది. లిటిల్ ఇండియాలో మనీ ఛేంజర్ దగ్గర రేటు ఒక్కోసారి ఇంతకంటే మెరుగే, కానీ అక్కడ క్యూలో నిలబడే ఓపిక నాకు లేదు.

నాకు నచ్చింది వేగం కంటే దీని వెనకున్న పద్ధతి. నేనెవరో చూసుకునే పూచీ ఇక్కడి బ్యాంకుది, అమ్మ ఎవరో చూసుకునే పూచీ అక్కడి బ్యాంకుది. చట్టాలు వేరైన రెండు దేశాలు ఇలా ఒకరి లెక్కను ఒకరు నమ్మాలంటే మాటలు కాదు. అందుకే ఆచితూచి మొదలుపెట్టారు: మన వైపు కొద్ది బ్యాంకులు, ఇటు సింగపూర్‌లో డీబీఎస్ బ్యాంకు, లిక్విడ్ గ్రూప్ అనే చెల్లింపుల కంపెనీ, రోజుకు 60,000 రూపాయల హద్దు. అమ్మ పాత ఖాతా ఉన్న బ్యాంకు ఆ జాబితాలో లేక, ఇంకోచోట ఖాతా తెరవాల్సి వచ్చింది. 2025 జూలైలో మన వైపు బ్యాంకులు 19 అయ్యాయి. మీరూ ముందు ఇంట్లోవాళ్ల బ్యాంకు ఉందో లేదో చూసుకోండి.

మొదటిసారి డబ్బు పడగానే అమ్మ కంగారుపడింది. "ఎవడో డబ్బులేసి, తర్వాత ఫోన్ చేసి ఓటీపీ అడుగుతాడేమో రా" అంది. రిజర్వ్ బ్యాంక్ ఒప్పుకుంటే సరిపోదు, మా అమ్మ కూడా ఒప్పుకోవాలి! ఇప్పటికీ వాట్సాప్‌లో "వేస్తున్నా" అని చెప్పాకే పంపుతాను.

అసలు లోటు డబ్బు ఇరుక్కున్నప్పుడు తెలిసింది. ఒకసారి ఇక్కడ కట్ అయింది, అక్కడ పడలేదు. ఇటువాళ్లు "పంపేశాం" అన్నారు, అటువాళ్లు "మాకు రాలేదు" అన్నారు. చివరికి తిరిగొచ్చింది గానీ, అన్నాళ్లూ టెన్షనే. ఏ దేశంలో ఫిర్యాదు చేయాలో, జవాబు ఎవరు చెప్పాలో మామూలు ఖాతాదారుకు అర్థమయ్యేలా ఎక్కడా కనిపించలేదు. పంపేటప్పుడు రెండు బ్యాంకులూ ఒకటే, తేడా వస్తే మాత్రం ఎవరి దారి వాళ్లది.

నెల ఖర్చులకు ధైర్యంగా వాడొచ్చు. చెల్లి కాలేజీ ఫీజుకు ఆ హద్దు చాలదు, అది పాత దారిలోనే పంపుతున్నా. ఇలాంటి చెల్లింపు పద్ధతుల్ని చాలా దేశాల మధ్య ఒకేచోట కలిపే ప్రాజెక్ట్ నెక్సస్‌లో రిజర్వ్ బ్యాంక్ 2024లో చేరింది; అందులో సింగపూర్‌తో పాటు మలేషియా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ కూడా ఉన్నాయి. అక్కడైనా ముందు ఫిర్యాదుల సంగతి తేల్చాలి, ఐదు దేశాల కస్టమర్ కేర్‌ల చుట్టూ తిరగడం మావల్ల కాదు.