క్రీమ్ కలర్ కార్పెట్ ఆరేళ్లు వాడాక నా రివ్యూ

మా హాల్లో క్రీమ్ కలర్ నైలాన్ కార్పెట్ వేయించి ఆరేళ్లు దాటింది. పిల్లలున్న ఇంట్లో అంత లేత రంగేంటి, ఆరు నెలలు కూడా ఆగదు అని అప్పుడు అందరూ అన్నారు. ఆగింది. కొత్తదానిలా ఉందని చెప్పను, సోఫా ముందు నడిచే దారి మాసినట్టే కనిపిస్తుంది, మిగతాదంతా బాగుంది.

అందరూ అడిగేది మరకలు పట్టకుండా కొట్టే స్ప్రే గురించే కాబట్టి ముందు అది చెప్తా. కొట్టిన కొత్తలో నీళ్లు పడితే తామరాకు మీద బొట్టులా నిలబడేవి, అది చూసి ఇంక భయం లేదనుకున్నా. కానీ అది చేసే పనల్లా ఒలికింది పోగుల్లోకి తొందరగా ఇంకకుండా ఆపడమే, ఆ కాసేపట్లో మనం తుడిచేయాలి, గంటసేపు చూడకుండా వదిలేస్తే స్ప్రే ఉన్నా లేనట్టే. నడక ఎక్కువున్న చోట తొందరగా అరిగిపోతుంది కూడా, అందుకే కడిగించిన ప్రతిసారీ మళ్లీ కొడుతున్నా. ఇంకోటి, ఈ స్ప్రేల్లో చాలాకాలం ఫ్లోరిన్ కెమికల్స్ వాడారు, అవి ఒంట్లోనూ బయటా ఏళ్ల తరబడి పోకుండా ఉండిపోతాయి, స్కాచ్‌గార్డ్ అనే ఇలాంటి స్ప్రే చేసే త్రీఎం కంపెనీ కూడా అందులోని పాత రకం కెమికల్ ఆపేస్తామని 2000లో ప్రకటించింది. నేల మీద పాకే పిల్లలుంటే ఫ్లోరిన్ లేదని లేబుల్ మీద రాసిందే తీసుకోండి.

ఇక కాఫీ సంగతి. రెండో ఏడు మా బాబు చేతిలోంచి కప్పు జారితే నేను కంగారులో తడిగుడ్డ తెచ్చి గట్టిగా రుద్దేశా. అరచేయంత మరక పళ్లెమంత అయింది, పోగులు విచ్చుకుపోయాయి, ఆ గరుకు ఈరోజుకీ చేతికి తగులుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మళ్లీ తోమా, పోయిందనుకున్నా, మర్నాడు ఆరాక చూస్తే అదే చోట గోధుమ రంగు వలయం! అడుగు దాకా దిగిన కాఫీ, పైన ఆరుతుంటే వత్తికి నూనె ఎక్కినట్టు పోగుల వెంట పైకి వచ్చేస్తుందట. పైగా సబ్బు సరిగ్గా వదల్లేదు, ఆ జిగటకి దుమ్మంటుకుని నెల తిరిగేసరికి అక్కడ నల్లబడింది.

ఇప్పుడైతే రుద్దను. తెల్ల కాటన్ టవల్‌తో అంచు నుంచి మధ్యకి అద్దుతా, రంగు టవలైతే దాని రంగు దిగొచ్చు. టవల్‌కి ఇంకేం అంటట్లేదు అన్నాక కొంచెం చల్లటి నీళ్లు, మళ్లీ అద్దడం, కాఫీ టీలకి నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్. చివర్లో పొడి టవల్ మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్ వేసి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేస్తా, పొద్దున టవల్ తీసి చూస్తే అడుగున లేత గోధుమ రంగు మచ్చ, అదంతా పైకి వలయంలా రావాల్సిందే కదా. రక్తం పడితే మాత్రం వేడినీళ్లు వద్దు. ఏ మందైనా ముందు మూలన కనపడని చోట వేసి చూడాలి, బ్లీచ్ అసలు తాకనివ్వొద్దు, ఉన్ని కార్పెట్ అయితే మరీను.

నిజానికి ఇన్నేళ్లలో ఎక్కువ నష్టం మరకల వల్ల జరగలేదు, ఇసుక వల్ల జరిగింది. అడుగు పడ్డప్పుడల్లా ఆ రేణువులు పోగుల్ని గీస్తాయి, మెరుపు పోతుంది, మాసినట్టు కనిపిస్తుంది కానీ అది మురికి కాదు కాబట్టి ఎంత కడిగినా పోదు. సోఫా ముందు దారి అలా పాడైందే, మొదటి ఏడాది వారానికి ఒక్కసారే వాక్యూమ్ చేసేదాన్ని. ఇప్పుడు మూడుసార్లు, ఆ దారిలో మెల్లగా ముందుకీ వెనక్కీ. గుమ్మానికి బయటొకటి లోపలొకటి డోర్‌మ్యాట్, చెప్పులు లోపలికి రావు. వట్టి కాళ్లకుండే జిడ్డు కూడా లేత రంగు మీద తేలిపోతుంది, సాక్స్ వేసుకుంటే మంచిది.

నేను గెలవలేనిది ఒక్కటే, గోడ వెంట, తలుపు కింద వచ్చే సన్నటి నల్ల గీత. సందుల్లోంచి గాలి పోయేటప్పుడు కార్పెట్ అంచు జల్లెడలా సన్నటి మసిని పట్టేసుకుంటుంది. మనిషిని పిలిపించి కడిగించినా పూర్తిగా పోలేదు. ఈసారి కార్పెట్ మారిస్తే ముందు గోడ కింద సందులు మూయించి ఆ తర్వాతే వేయిస్తా, రంగు మాత్రం మళ్లీ ఇదే.