పలాజ్జో వెక్కియో మ్యూజియం: కామిల్లస్ గది కోసమైనా వెళ్లవలసిన చోటు

ఫ్లోరెన్స్‌లోని పలాజ్జో వెక్కియో మ్యూజియానికి వెళ్లేవారు కింది పెద్ద సభామందిరం దగ్గరే ఓపికంతా అయిపోకుండా చూసుకుని, రెండో అంతస్తులోని సాలా దెల్ ఉదియెన్‌జా అనే గదికి కనీసం అరగంట మిగుల్చుకోవాలి. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదీచీ వంశపు డ్యూక్ మొదటి కోసిమో కోరగా చిత్రకారుడు ఫ్రాంచెస్కో సాల్వియాతి 1543–45 మధ్య ఆ గది గోడలపై రోమన్ సేనాని మార్కస్ ఫ్యూరియస్ కామిల్లస్ కథను చిత్రించాడు.

కథ తెలియకుండా వెళ్తే అవి రంగురంగుల గుర్రాలు, కవచాలుగానే మిగిలిపోతాయి కాబట్టి, రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన చరిత్రలోని ఐదవ భాగమో, గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన కామిల్లస్ జీవితమో ముందే చదువుకోవడం మంచిది. పదేళ్లపాటు లొంగని వేయీ నగరాన్ని క్రీ.పూ. 396లో సొరంగం తవ్వించి పట్టుకున్న కామిల్లస్, నాలుగు తెల్లగుర్రాలు కట్టిన రథంలో రోమ్‌లోకి ఊరేగాడు. దేవతలకే తగిన ఆ ఆడంబరం ప్రజలకు కంటగింపైందని, ఆ తరువాత కొల్లసొమ్ము పంపకంపై నేరారోపణ రాగా ఆయన ప్రవాసానికి వెళ్లిపోయాడని చరిత్రకారులు రాశారు. సాల్వియాతి చిత్రంలో మాత్రం ఆ అసూయ ఛాయ కూడా లేదు. రథం, బందీలు, వేయీ నుంచి తెచ్చిన జూనో దేవత విగ్రహం గోడంతా పరుచుకున్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఫలేరీ బడిపంతులు ఘట్టం. ముట్టడిలో ఉన్న ఆ ఊరి పెద్దల పిల్లలను పంతులే శత్రుశిబిరానికి తెచ్చి అప్పగించబోతే, కామిల్లస్ అతని బట్టలు విప్పించి, చేతులు వెనక్కి కట్టించి, పిల్లల చేతికే బెత్తాలిచ్చి కొట్టుకుంటూ ఊరికి తోలుకుపొమ్మన్నాడు. ఆ న్యాయబుద్ధికి మెచ్చి ఊరే లొంగిపోయిందట. కామిల్లస్ పేరు ఇన్ని శతాబ్దాలు నిలవడానికి అతని యుద్ధాలకన్నా ఇలాంటి కథలే కారణమని నా అభిప్రాయం.

రోమ్‌ను ఆక్రమించిన గాల్ తెగలవారికి, వాళ్లు వెళ్లిపోవడానికి రోమన్లు వెయ్యి పౌండ్ల బరువు బంగారం తూచి ఇస్తుండగా కామిల్లస్ సైన్యంతో వచ్చి అడ్డుకున్న దృశ్యమూ ఇక్కడ ఉంది. లివీకన్నా ముందువాడైన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్, తమ దేశంపై వెనెతీలనే మరో తెగవారు దండెత్తడంతో గాల్‌లు రోమన్లతో ఒప్పందం చేసుకుని వెళ్లిపోయారని చెబుతాడు. అతని కథనంలో కామిల్లస్ ప్రస్తావనే లేదు. అయినా ప్రవాసం నుంచి వచ్చి నగరాన్ని నిలబెట్టిన ‘రెండవ స్థాపకుడి’ కథ, 1494లోనూ 1527లోనూ ఫ్లోరెన్స్ నుంచి వెళ్లగొట్టబడి తిరిగివచ్చిన మెదీచీ వంశానికి ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

పక్కనే ఉన్న సాలా దెయ్ జిల్యీ అనే గదిలో, అంతకు అరవై ఏళ్ల ముందు గిర్లాందాయో అనే చిత్రకారుడు చిత్రించిన రోమన్ వీరుల వరుసలోనూ కామిల్లస్ ఉన్నాడు. అది రాజ్యం ఇంకా గణతంత్రంగా చెప్పుకుంటున్న కాలపు చిత్రం. రోమన్ చరిత్రపై ఆసక్తి ఉన్నవారు ఈ రెండు గదులనూ ఒకేసారి, వీలైతే జిల్యీ గదితో మొదలుపెట్టి చూడాలని గట్టిగా సిఫారసు చేస్తున్నాను.