బ్లాక్‌పూల్‌లో తిండి, లియోన్‌లో భోజనం

ఉత్తర ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్‌లో మేం దిగిన బీ అండ్ బీ (గదితో పాటు పొద్దున టిఫిన్ కూడా పెట్టే ఇల్లు) పేరు రాయను కానీ అక్కడ పెట్టిన బ్రేక్‌ఫాస్ట్ గురించి మాత్రం మొత్తం రాస్తాను, ఎందుకంటే గదికి రాత్రికి 78 పౌండ్లు, రెండు గదులకు 156 పోసి, టిఫిన్ కూడా ఇందులోనే కదా అని మురిసిపోతూ వెళ్లాం. గుంటూరు నుంచి మా అక్కా బావగారూ వచ్చారు. బావగారికి షుగర్. అక్క మాంసం ముట్టదు, గుడ్డు కూడా కేకులో కలిసిపోయి కనిపించకుండా ఉంటేనే. మా ఆయనకు సెలవు దొరక్క మాంచెస్టర్‌లో ఇంటి దగ్గరే ఉండిపోయాడు, ఇప్పుడు అదృష్టవంతుణ్ణి అంటున్నాడు.

బుక్ చేసినప్పుడే మెసేజ్ పెట్టాను, ఒకరు శాకాహారి, ఇంకొకరికి షుగర్ అని. "నో ప్రాబ్లం, లవ్" అని జవాబొచ్చింది. పొద్దున కిందికి దిగేసరికి ప్లేట్లు వచ్చేశాయి. రెండు సాసేజ్‌లు, రెండు బేకన్ ముక్కలు, నూనె కారుతున్న గుడ్డు, బంగాళదుంప తురుముతో వేయించే హ్యాష్ బ్రౌన్‌లు రెండు, తియ్యటి టొమాటో సాస్‌లో బీన్స్, నూనెలో వేయించిన బ్రెడ్డు, పక్కన నల్లగా గుండ్రంగా బ్లాక్ పుడ్డింగ్. అది గడ్డకట్టిన పంది రక్తంతో చేస్తారని నేను చెప్పేలోపే బావగారు సగం తినేశారు, చెప్పాక కూడా ఆపలేదు, "మేక నల్ల తిన్నవాళ్లం, మనకిదో లెక్కా" అన్నారు. అక్కకి వచ్చిన శాకాహారం ఏమిటంటే అదే ప్లేటులోంచి మాంసం తీసేసి, ఆ ఖాళీలో ఇంకో రెండు హ్యాష్ బ్రౌన్‌లు. ఏదైనా పండు ఉందా అని అడిగితే జగ్గులో ఉన్న ఆరెంజ్ జ్యూస్ చూపించింది ఇంటావిడ. అరటిపండు అయినా చాలమ్మా అంటే సందు చివర కొట్లో అమ్ముతారంది. బావగారు ఒక్క మెతుకు వదల్లేదు. "డబ్బులిచ్చాం కదమ్మా" అనేది ఆయన సిద్ధాంతం. రెండు గంటల తర్వాత మీటర్ పెట్టి చూస్తే 231. అక్క ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు, కోపం నా మీద కూడా ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

అలాగని ఇంటావిడ చెడ్డదని కాదు. మా సూట్‌కేసు రెండో అంతస్తు దాకా ఆయాసపడుతూ తనే మోసుకొచ్చింది, వద్దన్నా వినలేదు. మంచి భారీ మనిషి. బరువు తగ్గడానికి మౌంజారో ఇంజెక్షన్ సొంత డబ్బుతో కొనుక్కుంటోందట, ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో తన వంతు ఎప్పటికొస్తుందో తెలీదట. పొద్దున్నే పది మందికి అంత వేపుడు వండి, తను మాత్రం టీ తాగుతూ నిలబడింది.

బ్లాక్‌పూల్ చూడదగ్గ ఊరే. 1894లో కట్టిన టవర్, సముద్రం ఒడ్డున ట్రాములు, సాయంత్రం దీపాలు. కానీ ప్రొమెనేడ్ అనే తీరం వెంబడి దారి మీద నడుస్తుంటే కంటికి ముందు కనిపించేది మనుషుల ఒళ్లే. నలభై ఏళ్లు కూడా నిండనివాళ్లు నడవలేనివాళ్ల కోసం చేసిన మొబిలిటీ స్కూటర్ల మీద, చేతిలో డోనట్ల కవర్. వేడి డోనట్లు అయిదు 3 పౌండ్లు, స్టేషన్ కొట్లో కోసి పెట్టిన పండ్ల డబ్బా, అదీ గుప్పెడు, మూడున్నర. బ్రిటన్‌లో క్యాలరీకి ఇంత అని లెక్క కడితే ఆరోగ్యకరమైన తిండి మిగతాదానికంటే రెట్టింపు పైనే ఖరీదు పడుతుందని ఫుడ్ ఫౌండేషన్ అనే సంస్థ ఏటా చెబుతూనే ఉంది, ఇక్కడ దానికి రిపోర్టు చదవక్కర్లేదు. ఇంగ్లండ్‌లో మగవాళ్ల ఆయుర్దాయం అన్నిటికంటే తక్కువగా ఉండే ఊళ్లలో ఇదొకటి. దేశం మొత్తం చూసినా 2022 హెల్త్ సర్వే ప్రకారం ఇంగ్లండ్ పెద్దవాళ్లలో 29 శాతం మందికి ఊబకాయం, అధిక బరువు కూడా కలిపితే 64 శాతం.

బావగారికి ఈ ఊళ్లో చాలా హుషారు వచ్చింది. పొట్ట లోపలికి లాగి, "వీళ్ల పక్కన నేను సన్నగానే ఉన్నాను చూడు" అన్నారు. ఆయన బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 26. తెల్లవాళ్లకైతే 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం, కానీ మన దక్షిణాసియా వాళ్లకు షుగర్, గుండె జబ్బుల ముప్పు తక్కువ బరువుకే మొదలవుతుంది కాబట్టి ఇక్కడి డాక్టర్లు 23, 27.5 దగ్గరే గీత గీస్తారు. ఆ మాట చెప్పాక పొట్ట మళ్లీ బయటికొచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో లెక్క తీసినప్పుడు ఆంధ్రాలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలోనే 36 శాతం మంది అధిక బరువు, మనం ఇంకొకరిని చూసి నవ్వే స్థితిలో ఏమీ లేం.

రాత్రి ఎనిమిది దాటాక కూర్చుని తినే చోటు కోసం తిరిగాం. చిప్పీలు (చేప, బంగాళదుంప ముక్కలు వేయించి అమ్మే కొట్లు), కబాబ్ కొట్లు, పిజ్జా, మళ్లీ చిప్పీ. ఫిష్ అండ్ చిప్స్ 11 పౌండ్ల 80 పెన్నీలు, చేప ప్లేటుకి రెండు పక్కలా వేలాడుతోంది, ఇద్దరికి సరిపోయేంత చిప్స్. శాకాహారులు ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి: ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా చిప్పీల్లో బంగాళదుంప ముక్కలు కూడా గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. బీఫ్ డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా అని అడిగి మరీ కొనండి. మేం అడిగిన మొదటి కొట్టువాడు గర్వంగా డ్రిప్పింగ్ అని చెప్పాడు. తర్వాతి చోట నూనెలో వేయించినవి దొరికాయి, దాని మీద పోసుకోవడానికి కర్రీ సాస్ అని పసుపుపచ్చటి జావ ఒకటి ఇచ్చారు. అక్క ఒక చెంచా నాకి, "ఇది కూరని వీళ్లకి ఎవరు చెప్పారే" అంది. రెండో రోజుకి ఆ మాటే కాస్త నవ్వుతూ అంది, అంతే మేలు.

మాంచెస్టర్ నుంచి లండన్, అక్కణ్ణుంచి యూరోస్టార్‌లో పారిస్, పారిస్ నుంచి రెండు గంటల రైలులో లియోన్, ఇదంతా హాయిగా జరిగిపోయింది. యూరోస్టార్ మనిషికి 69 పౌండ్లు, రెండు నెలల ముందు కొంటే.

లియోన్ ఫ్రాన్స్‌లో తిండికి పేరున్న ఊరు. పేరుమోసిన వంటవాడు పాల్ బొకూజ్ ఊరు అది, పెద్ద మార్కెట్టుకి ఆయన పేరే పెట్టుకున్నారు. మేం సామాను హోటల్లో పడేసి, ఆకలితో పాత ఊరు చేరేసరికి రెండూ పది. మొదటి చోట టేబుళ్లన్నీ ఖాళీ, వెయిటర్ ఫోన్ చూసుకుంటున్నాడు. లంచ్ అంటే తల కూడా ఎత్తకుండా గోడ గడియారం వైపు చెయ్యి చూపించాడు. వంటగది మూసేశారట. షుగర్ మనిషి, మాత్ర వేసుకున్నాడు, ఏదైనా ఒక సూప్ అయినా ఇవ్వమని బతిమాలాను. "రాత్రి ఏడున్నరకి" అన్నాడు. రెండో చోట నవ్వుతూ అదే మాట, మూడో చోట తలుపే తీయలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, బావగారి చేతులు వణుకుతాయేమోనని టెన్షన్. అక్క బ్యాగులోంచి బిస్కెట్లు తీసి చేతిలో పెట్టింది. చివరికి ఆ వేళ తెరిచి ఉన్నది ఒక్క టాకోస్ కొట్టు. ఈ ఫ్రెంచ్ టాకోస్ మెక్సికోది కాదు, లియోన్ శివార్లలోనే పుట్టిందంటారు, రొట్టెలో మాంసం, చీజ్ సాస్, దాంట్లోనే ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా కూరి, మడిచి, కాల్చి ఇస్తారు. తొమ్మిది యూరోలు. లోపలంతా కాలేజీ పిల్లలే. బ్లాక్‌పూల్ బ్రేక్‌ఫాస్ట్‌కి అది ఏమాత్రం తీసిపోదు.

మర్నాడు పన్నెండుంబావుకే వెళ్లి కూర్చున్నాం. 19 యూరోల 50 సెంట్లకు మూడు విడతల భోజనం, బ్రెడ్డు, జగ్గు నిండా నీళ్లు ఉచితం. బావగారికి ముందు ఆకుకూర సలాడ్, తర్వాత క్నెల్ అనే మెత్తటి చేప ముద్ద, ఆఖరుకి వేలెడంత గులాబీరంగు ప్రలీన్ టార్ట్ ముక్క. లియోన్ బూషోన్‌లలో, అంటే అక్కడి సంప్రదాయ భోజనశాలల్లో, పేగులు, కాలేయం ఎక్కువ, అక్క మెనూ చూసి నీరుగారిపోయింది. ఓనరమ్మ వచ్చి, విషయం విని, లోపలికెళ్లి మెనూలో లేని ప్లేటు తెచ్చింది: ఉడికించిన బంగాళదుంపలు, ఉల్లికాడలు, ఆకులు, వెల్లుల్లి వేసి గిలక్కొట్టిన తెల్లటి పెరుగులాంటి చీజ్, పక్కన పప్పుగింజల సలాడ్. అక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "దోసకాయ లేని పెరుగు పచ్చడే ఇది" అని ప్లేటు మొత్తం బ్రెడ్డుతో తుడిచి తినేసింది. దానికి 13 యూరోలే వేశారు. ఒక్కో విడతకీ మధ్య పావుగంట. మా పక్క టేబుల్ మీద ఆఫీసు వాళ్లు నలుగురు, గంటన్నర కూర్చున్నారు, ఒక్కరి ముందూ లాప్‌టాప్ లేదు. పని చేసే డెస్క్ దగ్గర భోజనం చేయకూడదని వాళ్ల కార్మిక చట్టంలోనే ఉంది, కోవిడ్ అప్పుడు 2021లో తాత్కాలికంగా సడలించారు, అంతే. మాంచెస్టర్‌లో నేను పనిచేసే ఆఫీసులో కీబోర్డు మీద శాండ్‌విచ్ పొడి రాలని టేబుల్ ఉండదు. నాలుగు పౌండ్లకు అటూ ఇటూగా శాండ్‌విచ్‌తో కలిపి అమ్మే మీల్ డీల్, అందులో చిప్స్ ప్యాకెట్టు, కూల్‌డ్రింక్ తప్పనిసరిలా వస్తాయి.

ఆ మధ్యాహ్నం నాలుగింటికి బావగారికి నోరు లాగింది. చూడబోతే ఏమీ లేదు. బేకరీలున్నాయి, స్కూలు వదిలిన పిల్లలు వాటి ముందు చాకొలెట్ రొట్టె తింటున్నారు, పెద్దవాళ్లు మాత్రం నడుస్తూ నములుతున్నది నాకు ఎక్కువ కనపడలేదు. మెట్రోలో బిస్కెట్ల ప్రకటన, దాని అడుగున సన్న అక్షరాల్లో భోజనానికీ భోజనానికీ మధ్య చిరుతిళ్లు తినొద్దని రాసి ఉంది. 2007 నుంచి తిండి ప్రకటనల మీద ఇలాంటి ఆరోగ్య సూచన ఉండాలని అక్కడ రూల్. బావగారు దాన్ని ఫోన్‌లో అనువాదం చేయించుకుని, "అమ్మేవాడే తినొద్దంటున్నాడేంటమ్మా" అని ఆశ్చర్యపోయారు. నది ఒడ్డున నడిచి నడిచి వచ్చాక మీటర్ 158. ఒక్క మనిషి మీటర్‌తో రెండు దేశాల్ని తూచలేం, నాకూ తెలుసు, కానీ ముందురోజు మాకు అన్నం పెట్టని ఆ వెయిటర్ మీద కోపం సగం అక్కడే దిగిపోయింది. ఆకలి వేసినప్పుడల్లా దొరక్కపోవడమే వాళ్ల ఆరోగ్య పథకం అనిపించింది.

చట్టాలకైతే బ్రిటన్‌లో కొదవ లేదు. 2018లో తీపి కూల్‌డ్రింకుల మీద పన్ను, 2022లో ఇంగ్లండ్‌లో పెద్ద రెస్టారెంట్ల మెనూల మీద క్యాలరీలు, అదే ఏడాది అక్కడే పెద్ద షాపుల్లో బిల్లు కౌంటర్ పక్కన చాక్లెట్లు పెట్టకూడదని నిషేధం. మాంచెస్టర్‌లో ఒక పబ్బులో బావగారు మెనూలో ఆ అంకెలన్నీ శ్రద్ధగా చదివి, అన్నిటికంటే ఎక్కువ క్యాలరీలున్నది ఆర్డర్ చేశారు, డబ్బుకి గిట్టుబాటు అదేనట. అంకెలు రాసి ప్రయోజనం ఏముంది, కూర్చుని తినే తీరిక, చవగ్గా దొరికే మామూలు వంట లేనప్పుడు? 19 ఐరోపా దేశాల ఇళ్ల కొనుగోళ్లు పోల్చి 2018లో వచ్చిన అధ్యయనంలో బ్రిటన్ ఇళ్లకు వచ్చే క్యాలరీల్లో 50 శాతం పైనే ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి నుంచే అని తేలింది. ఫ్రాన్స్‌ది 14.2, ఇటలీ 13.4. ఆ లెక్కలు పాతవే, ఇప్పుడు ఫ్రాన్స్‌ది పెరిగి ఉంటుందని ఆ టాకోస్ కొట్టు చూసిన ఎవరైనా చెప్తారు, అయినా తేడా ఎంతుందో చూడండి.

ఫ్రెంచ్ వాళ్లంతా సన్నగా ఉంటారనేది మాత్రం నమ్మకండి. 1997లో 8.5 శాతం ఉన్న ఊబకాయం 2020కి 17 అయింది, ఉత్తరాన లీల్, కలే వైపు 22 దాకా ఉంది. పైగా ఆ సర్వేలో బరువు ఎవరికి వాళ్లే చెప్పుకున్నది, ఇంగ్లండ్‌లో సర్వేవాళ్లు ఇంటికొచ్చి కొలుస్తారు, సొంతంగా చెప్పుకునేటప్పుడు రెండు కిలోలు తగ్గించని వాళ్లెవరు? ఇంకోటి, సిగరెట్. ఫ్రాన్స్‌లో రోజూ కాల్చేవాళ్లు బ్రిటన్ కంటే చాలా ఎక్కువ. బయట టేబుళ్ల దగ్గర కూర్చుంటే పక్కవాడి పొగంతా మన కంచంలోకే. అక్క చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తింది. వెళ్లేవాళ్లు లోపలే టేబుల్ అడగండి.

హోటల్ పార్ట్-డ్యూ స్టేషన్ దగ్గర, రాత్రికి 104 యూరోలు, సిటీ టాక్స్ వేరు. గది అగ్గిపెట్టంత, శుభ్రంగా ఉంది, రిసెప్షన్‌లో నవ్విన వాళ్లు లేరు. బ్రేక్‌ఫాస్ట్ 14 యూరోలు అదనం, తీసుకోకండి, ఎదురుగా బేకరీలో క్రోసాన్ 1.30, కాఫీ రెండు యూరోలు. తిరిగొచ్చాక ఏ ఊరు నచ్చిందని అడిగితే అక్క లియోన్ అంది, బావగారు బ్లాక్‌పూల్ అన్నారు. అక్కడ అందరూ పలకరించారట, లియోన్‌లో మనిషిని మనిషిగా చూసింది ఓనరమ్మ ఒక్కర్తేనట. అదీ నిజమే.

ఇండియా నుంచి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి: యూకే వీసాతో ఫ్రాన్స్ రానివ్వరు, షెంగెన్ వీసా హైదరాబాద్‌లోనే తీసుకుని బయల్దేరమనండి, ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జి వేరే. బ్లాక్‌పూల్‌లో బ్రేక్‌ఫాస్ట్ లేని గది చవగ్గా తీసుకుని ఓట్లు, పండ్లు మీరే పట్టుకెళ్లండి. లియోన్‌కి రైలు మాత్రం పన్నెండు లోపు దిగేది చూసుకోండి, పది యూరోలు ఎక్కువైనా సరే, ఒంటిగంటన్నర దాటితే టేబుల్ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.