చన్నీళ్లా, వేన్నీళ్లా?

పొద్దున మగత వదలాలంటే నా ఓటు చన్నీళ్ల స్నానానికే. చల్లదనం తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఊపిరి వేగం పెరుగుతుంది, ఒళ్లంతా చురుగ్గా అవుతుంది. నెదర్లాండ్స్‌లో 3,018 మందితో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వేడి స్నానం చివర 30 నుంచి 90 సెకన్లు చన్నీళ్ల కింద నిలబడ్డవారు ఒంట్లో బాగోలేదని పనికి సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది. జబ్బుగా ఉన్న రోజులు మాత్రం పెద్దగా తగ్గలేదు, అది మరిచిపోకూడదు.

రాత్రి నిద్రకైతే వేన్నీళ్లే మేలు. పడుకోవడానికి గంటో రెండు గంటలో ముందు చేస్తే, తర్వాత ఒళ్లు నెమ్మదిగా చల్లబడి త్వరగా నిద్ర పడుతుంది. పట్టేసిన కండరాలూ వదులవుతాయి.

గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు చన్నీళ్లు ఒక్కసారిగా నెత్తిన గుమ్మరించుకోవద్దు. దయచేసి ముందు డాక్టర్‌ని అడగండి. అలవాటు లేనివాళ్లు పాదాల నుంచి మొదలుపెట్టండి.