ఒకే షీటు మీద మూడు స్కేళ్లు: ఆటోక్యాడ్ లేఅవుట్ వ్యూపోర్టుల సమీక్ష

ఒక ఇంటి ప్లాన్‌ను 1:50లోనూ, దాని మెట్ల సెక్షన్‌ను 1:20లోనూ, కిటికీ సిల్ డీటెయిల్‌ను 1:5లోనూ ఒకే ఏ1 షీటు మీద చూపించాల్సిన అవసరం డ్రాయింగ్ పని చేసే ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. చేత్తో గీసే రోజుల్లో ఇది సమస్యే కాదు. స్కేలు బద్దను మరో అంచుకు తిప్పి, షీటులో ఖాళీగా ఉన్న మూల గీత మొదలుపెడితే సరిపోయేది. కంప్యూటర్‌లో మాత్రం గోడను గోడంత, మెట్టును మెట్టంత అసలు కొలతకే గీస్తాం కాబట్టి, ఒకే కాగితం మీద మూడు స్కేళ్లు ఎలా ఇమడాలన్న ప్రశ్న కొత్తగా పుట్టింది. దానికి ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబు లేఅవుట్ (ప్రింటుకు వెళ్లే కాగితపు పేజీ), అందులోని వ్యూపోర్టులు (బొమ్మను చూపించే కిటికీలు). రోజూ వీటితోనే పని చేస్తున్న వ్యక్తిగా, ఈ సౌకర్యం ఎక్కడ నిజంగా ఆదుకుంటుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో వివరంగా రాయాలనుకుంటున్నాను.

ఆటోక్యాడ్ 1982లో వచ్చినా, లేఅవుట్‌కు ఆధారమైన పేపర్ స్పేస్ (కాగితాన్ని సూచించే చోటు) అనే ఏర్పాటు 1990 నాటి రిలీజ్ 11తో గానీ రాలేదు. ఒకే ఫైలులో ఎన్ని లేఅవుట్లయినా పెట్టుకునే వీలు ఆటోక్యాడ్ 2000తో కలిగింది. అంతకు ముందు అందరూ వాడిన ఉపాయం ఒకటుంది: 1:50లో ప్రింటయ్యే షీటు మీద 1:5 డీటెయిల్ కావాలంటే, ఆ భాగాన్ని కాపీ చేసి పది రెట్లు పెంచి పక్కన పెట్టి, డైమెన్షన్ (బొమ్మ పక్కన రాసే కొలత) విలువలు తప్పుగా రాకుండా వాటి గుణకాన్ని 0.1గా మార్చేవారు. ఈ పద్ధతిని ఇప్పటికీ వదలనివారు చాలామంది ఉన్నారు. కానీ ఆ కాపీకీ అసలుకూ మధ్య ఏ సంబంధమూ మిగలదు. ప్లాన్‌లో గోడ మందం 230 మి.మీ. నుంచి 200కు మారితే, పక్కనున్న పెద్ద బొమ్మలో అది 230గానే ఉండిపోతుంది, దాన్ని ఎవరూ గుర్తు చేయరు. లేఅవుట్‌కు మారడానికి నాకు ఈ ఒక్క కారణమే సరిపోయింది.

లేఅవుట్ పనితీరు సూటిగా ఉంటుంది. మోడల్ స్పేస్‌లో (అసలు బొమ్మ గీసే చోట) భవనాన్ని ఒక్కసారి, మిల్లీమీటర్లలో, పూర్తి కొలతకు గీస్తాం. లేఅవుట్ అనేది అసలు కాగితం; ఏ1 అంటే 841 మి.మీ. వెడల్పు, 594 మి.మీ. ఎత్తు, దాన్ని ఎప్పుడూ 1:1లోనే ప్రింట్ చేస్తాం. ఆ కాగితానికి కిటికీలు కోసినట్టు వ్యూపోర్టులు పెడతాం. స్కేల్ అన్నది గీసిన బొమ్మకు చెందినది కాదు, దాన్ని చూపించే కిటికీకి చెందినది. ఈ ఒక్క ఆలోచన మనసుకు ఎక్కితే తక్కినదంతా దానంతట అదే అర్థమవుతుంది. 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న ప్లాన్ 1:50 వ్యూపోర్టులో 240 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు తీసుకుంటుంది. 150 మి.మీ. మెట్టు ఎత్తు ఆ ప్లాన్ స్కేల్‌లో 3 మి.మీ. మాత్రమే అయ్యేది, 1:20 వ్యూపోర్టులో 7.5 మి.మీ.గా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ లెక్కలు ముందే వేసుకుంటే ఏ కిటికీ ఎంత పెద్దదిగా ఉండాలో, షీటులో ఎక్కడ కూర్చోవాలో గీత మొదలుపెట్టకముందే తేలిపోతుంది.

వ్యూపోర్టును ఎమ్‌వ్యూ కమాండ్‌తో గీసి, లోపల డబుల్ క్లిక్ చేస్తే దాని అంచు మందమవుతుంది. ఇక మనం కాగితం మీద లేము, కిటికీలోంచి లోపలికి వెళ్లాం. అక్కడ జాబితా నుంచి 1:20 ఎంచుకోవచ్చు, లేదా జూమ్ కమాండ్‌లో 1/20 పక్కన ఎక్స్‌పీ (కాగితం కొలతతో పోల్చిన స్కేల్ అని చెప్పే గుర్తు) చేర్చి టైప్ చేయవచ్చు. మీటర్లలో గీసే అలవాటున్నవారు ఇక్కడే తడబడతారు. అప్పుడు ఒక యూనిట్ అంటే వెయ్యి మిల్లీమీటర్లు కాబట్టి, 1:20 కోసం 1000ని 20తో భాగించి 50ఎక్స్‌పీ అని ఇవ్వాలి. జాబితాలో ఉన్న పేరును నమ్మి 1:20 ఎంచుకుంటే బొమ్మ వెయ్యోవంతుకు కుంచించుకుపోయి, కిటికీ ఖాళీగా కనిపిస్తుంది.

స్కేల్ పెట్టిన మరుక్షణం వ్యూపోర్టుకు తాళం వేయాలి. ప్రాపర్టీస్‌లో డిస్‌ప్లే లాక్డ్ అనే చోట అవును అని మార్చడమే ఆ పని. కొత్తగా గీసిన వ్యూపోర్టు తాళం లేకుండా పుడుతుంది. ఈ సౌకర్యంలో నాకు నచ్చని ముఖ్యమైన విషయం ఇదే. తాళం లేని కిటికీలోకి వెళ్లి, ఏదో గీత దగ్గరగా చూద్దామని మౌస్ చక్రం తిప్పితే స్కేల్ మారిపోతుంది, పెద్దగా మారితే కంటికి తెలుస్తుంది, కొద్దిగా మారితే తెలియదు. నేను పంపిన ఒక షీటులో అదే జరిగింది. మెట్ల సెక్షన్ కింద 1:20 అని రాసి ఉంది, కానీ వ్యూపోర్టు దాదాపు 1:18.75 దగ్గర ఆగి ఉంది. సైటులో ఒకరు స్కేలు బద్ద పెట్టి చూస్తే, 150 ఉండాల్సిన మెట్టు ఎత్తు 160గా వచ్చింది. డైమెన్షన్ అంకె మాత్రం 150 అనే చెబుతోంది, ఎందుకంటే అది మోడల్‌లోని అసలు కొలతనే చదువుతుంది. అంకెకూ బద్దకూ పొంతన కుదరని షీటును పట్టుకుని ఆ మనిషి పని ఆపి ఫోన్ చేయడం వల్ల నష్టం తప్పింది. ఆ రోజు నుంచి తాళం వేయని వ్యూపోర్టు ఉన్న షీటును ప్రింటుకు పంపలేదు.

ఇక అక్షరాల సంగతి. కాగితం మీద నోట్సు 2.5 మి.మీ. ఎత్తు ఉండాలనుకుంటే, మోడల్‌లో ఆ అక్షరం 1:50కి 125, 1:20కి 50, 1:5కి 12.5 ఉండాలి. ఒకే మెట్టు ప్లాన్‌లోనూ సెక్షన్‌లోనూ కనిపిస్తే ఏ ఎత్తు పెట్టాలి? చాలాకాలం దీనికి స్కేల్‌కొక టెక్స్ట్ లేయర్ (విడిగా దాచుకోగల పొర) పెట్టుకుని, అవసరం లేని లేయర్‌ను ఆ వ్యూపోర్టులో మాత్రమే ఫ్రీజ్ చేసేవారు, అంటే కనిపించకుండా దాచేవారు. ఆటోక్యాడ్ 2008తో అనోటేటివ్ స్కేలింగ్ వచ్చాక, అక్షరానికి కాగితం మీది ఎత్తు ఒక్కటే చెబితే చాలు, ఏ వ్యూపోర్టులో ఏ సైజులో కనిపించాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. డైమెన్షన్లకూ, హాచ్‌లకూ, (భాగాలను నింపే గీతల నమూనాలు), బ్లాకులకూ (ఒకే వస్తువుగా కూర్చిన బొమ్మలు) ఇదే వర్తిస్తుంది. ఒకే నోట్ 1:50లో ఒక చోట, 1:20లో మరో చోట నిలబడేలా దాని స్థానాన్ని కూడా విడివిడిగా జరుపుకోవచ్చు. ఇది నిజంగా గొప్ప సౌకర్యం.

అయితే క్రమశిక్షణ లేకపోతే ఇదే చిక్కుముడి అవుతుంది. స్కేల్ మార్చినప్పుడల్లా ఆ స్కేల్‌ను అన్ని అక్షరాలకూ చేర్చే ఒక మీట కింది పట్టీలో ఉంటుంది. దాన్ని ఆన్‌లో మరచిపోతే, ప్రయత్నించి చూసిన ప్రతి స్కేలూ ప్రతి నోట్‌కూ అంటుకుంటుంది. తర్వాత ఆ నోట్‌ను ఎంచుకోగానే రకరకాల సైజుల్లో దాని నీడలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి, వాటిలో ఏది ఏ స్కేల్‌దో విడదీయడానికి పూట పడుతుంది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచి, కావలసిన స్కేల్‌ను కావలసిన వస్తువుకే చేర్చడం నా పద్ధతి.

డైమెన్షన్లను నేరుగా కాగితం మీదే, వ్యూపోర్టులోంచి మోడల్ బిందువులను పట్టుకుని వేసే మార్గం కూడా ఉంది. ఆటోక్యాడ్ 2002 నుంచి అవి అసలు కొలతనే చూపిస్తాయి, ఏ స్కేల్ కిటికీ అయినా అంకెల ఎత్తు ఒకేలా ఉంటుంది. రెండు మూడు డీటెయిళ్లున్న చిన్న పనికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు. పెద్ద పనిలో మాత్రం బొమ్మ ఒక చోట, దాని కొలతలు మరో చోట ఉండటం వల్ల మార్పులు చేసేటప్పుడు ఇబ్బంది అవుతుంది, కాబట్టి అక్కడ నేను మోడల్‌లోనే అనోటేటివ్‌గా వేస్తాను.

చుక్కల గీతల విషయం త్వరగా చెప్పేయవచ్చు. పీఎస్‌ఎల్‌టీస్కేల్ అనే సెట్టింగ్ విలువ 1గా ఉంటే 1:50 కిటికీలోనూ 1:5 కిటికీలోనూ చుక్కల మధ్య ఎడం కాగితం మీద ఒకేలా వస్తుంది. మార్చాక రీజెన్‌ఆల్ (బొమ్మనంతా తిరిగి గీయించే కమాండ్) ఇవ్వడం మరవకూడదు. వ్యూపోర్టు చట్రాలను ప్రింట్ కాని లేయర్‌లో పెట్టుకుంటే షీటు శుభ్రంగా ఉంటుంది.

షీటు మీద స్కేల్ రాయడానికి ఐఎస్‌ఓ 5455 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన నియమం సరళమైనది: ప్రధాన స్కేల్ టైటిల్ బ్లాకులో (షీటు వివరాలు రాసే పెట్టెలో), మిగిలినవి ఆయా బొమ్మల పేర్ల దగ్గర ఉండాలి. దీనికి తోడు ప్రతి వ్యూపోర్టు కింద ఒక గ్రాఫిక్ స్కేల్ పట్టీ (కొలతల గుర్తులతో గీసిన పట్టీ) పెట్టమని గట్టిగా చెబుతాను. ఏ1 షీటును ఎవరో ఏ3కి తగ్గించి ప్రింట్ తీస్తే కొలతలన్నీ సగమవుతాయి, 1:50 అని రాసినది నిజానికి 1:100 అవుతుంది. రాసిన అంకె అప్పుడు అబద్ధం చెబుతుంది, పట్టీ మాత్రం బొమ్మతో పాటే తగ్గి నిజమే చెబుతుంది.

బొమ్మ కింద స్కేల్‌ను చేత్తో టైప్ చేయడం నేను పూర్తిగా మానేశాను. టెక్స్ట్‌లో ఫీల్డ్ (విలువను తానే చదివి చూపించే అక్షరం) పెట్టి, ఆబ్జెక్ట్‌గా వ్యూపోర్టునే చూపించి, కస్టమ్ స్కేల్ విలువను ఎంచుకుంటే, ఆ కిటికీ నిజంగా ఏ స్కేల్‌లో ఉందో అదే అక్కడ అచ్చవుతుంది. ఆనాటి మెట్ల సెక్షన్ కింద ఈ ఫీల్డ్ ఉండి ఉంటే, 1:20 బదులు 1:18.75 అని కనిపించి, షీటు నా బల్ల దాటకముందే తప్పు పట్టుబడేది.